నెత్తి మీద చెయ్యి

నేను చచ్చిపోయి రెండేళ్ళయిందని నా కొడుకు చెబుతుంటే నా చెవులతో నేనే విన్నాను. పోయినేడు ఆషాఢం మొదటివారం, పొద్దుగుంకే వేళ, నెక్లెస్ రోడ్డు మీదుగా సికింద్రాబాద్ వచ్చే లోకల్ బండిలో.

నేను టీసీని. నల్లకోటు తొడుక్కుని జనం చెప్పే అబద్ధాలు వినడం పద్దెనిమిదేళ్ళుగా నా ఉద్యోగం. పాసు ఇంట్లో మరిచిపోయామనేవాళ్ళు, టికెట్టు మా ఆయన జేబులో ఉంది, ఆయనేమో వెనక పెట్టెలో ఉన్నాడనేవాళ్ళు, కళ్ళు తిరుగుతున్నాయని కిటికీకి వాలిపోయేవాళ్ళు, అందరినీ చూశాను. అబద్ధమాడే మనిషి ఎక్కడ దొరుకుతాడంటే, అడగని వివరం ఒకటి ఎక్కువ చెబుతాడు. నిజం చెప్పేవాడికి అంత ఓపిక ఉండదు. ఈ సంగతి కనిపెట్టినందుకు మా ఆఫీసులో నన్ను ఎక్స్‌రే మేడమ్ అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు లోలోపల గర్వంగా ఉండేది.

మామూలుగా నా డ్యూటీ స్టేషన్ గేటు దగ్గర. ఆ రోజు ఎవరో సెలవు పెడితే లోకల్ బండికి వేశారు. ప్రభుదాస్ గారు పెట్టెకు ఆ చివర నుంచి, నేను ఈ చివర నుంచి టికెట్లు చూసుకుంటూ వస్తున్నాం. మధ్యలో నిలబడ్డ జనం భుజాల సందులోంచి ముందు మా అభిరామ్ బ్యాగు కనిపించింది. ఆ సమయానికి వాడు కార్ఖానా బస్తీలో ధర్మరాజు సార్ దగ్గర లెక్కల ట్యూషన్లో ఉండాలి. పదో తరగతి కదా.

"పేరేంది?" అంటున్నారు ప్రభుదాస్ గారు.

"దుర్గేష్ సార్."

"మీ అమ్మకు ఫోన్ చెయ్యి."

"అమ్మ లేదు సార్. చనిపోయింది. రెండేండ్లయింది." ఆగి, ఎవరూ అడగకుండానే అన్నాడు. "డెంగీ వచ్చింది సార్."

ఆ ఒక్క వివరమే ఎక్కువైంది. పరాయి పిల్లాడైతే అక్కడే చెవి పట్టుకునేదాన్ని. ప్రభుదాస్ గారు మెత్తటి మనిషి, తల పైకెత్తి నావైపు చూశారు. ఏం చేద్దాం మేడమ్, పిల్లాడికి తల్లి లేదంట అన్నారు. అప్పుడే వాడూ నన్ను చూశాడు. పెట్టెలో జనమంతా మమ్మల్నే చూస్తున్నారు.

ఎక్స్‌రే మేడమ్ కొడుకు టికెట్టు లేకుండా దొరికాడని రేపు ఆఫీసులో టీ కప్పులతో పాటు తిరుగుతుంది. ఆ ఆలోచన ఒక్కటే వచ్చింది నాకు. దాని వెంట మాట కూడా వచ్చేసింది.

"తల్లి లేని పిల్లాడు, పాపం. వదిలెయ్యండి" అన్నాను.

ఆయన వాడి భుజం తట్టి వదిలేశారు. నేను వాడి పక్కనుంచే, కోటు అంచు వాడి చేతికి తగులుతుండగా, ముందుకు వెళ్ళిపోయాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాడు ఏమన్నాడో చెప్పాను, నేను ఏమన్నానో చెప్పలేదు.

మా ఇల్లు రెజిమెంటల్ బజార్‌లో, స్టేషన్‌కు అయిదు నిమిషాల దూరం. మా ఆయన వేణుమాధవ్‌కు కింద వీధి వైపు మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపుంది. పైన మేమూ, మా అత్తమ్మా. ఆ రోజు పంచాయితీ అంతా హాల్లో నడిచింది. ట్యూషన్ ఎగ్గొట్టి ఇరవై రోజులుగా నెక్లెస్ రోడ్డుకు పోతున్నాడట, అక్కడ పిల్లలు చక్రాల చెక్క మీద నిలబడి జారుతుంటారే, అది నేర్చుకోవడానికి. చెక్క వాడి దోస్తు జెరెమియాది. జెరెమియా నాన్న రైల్వేలోనే, మెట్టుగూడ క్వార్టర్లలో ఉంటారు. టీసీ కనిపించగానే వాడు పక్క పెట్టెలోకి జారుకున్నాడట. చెక్క మాత్రం మావాడి దగ్గరే ఉండిపోయింది.

ట్యూషన్ ఎగ్గొట్టినందుకు మా అత్తమ్మ అంతగా బాధపడలేదు. చనిపోయిందన్న మాట దగ్గర మాత్రం ఆమె చేతిలో వత్తులు ఆగిపోయాయి.

"పొద్దుగూకే యాళ అన్నవా ఆ మాట?" అని మనవణ్ణి అడిగింది. "తథాస్తు దేవతలు తిరిగే యాళరా కొడుకా అది. గా మాట నోట్లకెళ్ళి ఎట్లొచ్చిందిరా?"

నాకు నవ్వొచ్చింది, నిజం చెబుతున్నాను. కానీ వాడికి అబద్ధం మాన్పించాలి, మాన్పించే మందు నా దగ్గర ఉండాలి కదా, అబద్ధాల డాక్టర్‌నాయె. రాత్రంతా ఆలోచించి మర్నాడు నియమం పెట్టాను. ఇక జెరెమియాతో కలవడం లేదు. ట్యూషన్ నుంచి తిన్నగా ఇంటికి. అత్తమ్మ దీపం పెట్టే వేళకు వాడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇవాళ అబద్ధం ఆడలేదు, చెప్పిన చోటికి తప్ప వేరే చోటికి పోలేదు అని ఒట్టేయాలి. ఒట్టు తప్పితే ఏమవుతుందో మా ఇళ్ళలో పుట్టిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే వాళ్ళే పోతారు.

వేణుకు నచ్చలేదు. "పిల్లగాడు పరేషాన్ అయితడు అనూ. రెండు దెబ్బలేసి వదిలెయ్యరాదు" అన్నాడు. దెబ్బలు నాలుగు రోజుల్లో మరుస్తాడు, ఇది మరవడు అన్నాను. అన్నట్టే అయింది.

రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. సాయంత్రం దీపం వెలిగేది, నేను పీట మీద కూర్చునేదాన్ని, వాడు వచ్చి చెయ్యి పెట్టేవాడు. పదిహేనేళ్ళ చెయ్యి, బరువుగా, వెచ్చగా, బాల్‌పెన్ను మరకలతో ఉండేది. మొదట్లో గొణిగేవాడు, తర్వాత గబగబా అప్పజెప్పి వెళ్ళేవాడు. పాపం, ఒకరోజు నా పర్సులోంచి బజ్జీలకని తీసిన చిల్లర సంగతి కూడా తనంతట తానే చెప్పాడు. నేను ఆఫీసులో పేరు చెప్పకుండా ఈ పద్ధతి గురించి గొప్పలు కూడా పోయాను.

లష్కర్ బోనాలు ఇంకో మూడు రోజులున్నాయనగా, గురువారం, వాడు ట్యూషన్ నుంచి తడిసి వచ్చాడు. కుంటుతున్నాడు. ఏమైందంటే సైకిల్ పెడల్ గీసుకుందన్నాడు. పిక్క మీద రెండు చోట్ల చర్మం లేచి ఉంది, చుట్టూ కొంచెం నెత్తురు. మా అత్తమ్మ పసుపు అద్దింది. నేను మోండా మార్కెట్ నుంచి బోనాల సామాన్లు తెచ్చి అప్పుడే దించాను, కొత్త కుండకు పగులేమైనా ఉందా అని తట్టి చూసుకుంటున్నాను. వానలో బ్రేకు పట్టలేదమ్మా, ముందు ఆటో ఆగింది, పచ్చ ఆటో, నేను పక్కకు తిప్పిన అన్నాడు. పచ్చ ఆటో. నేను అడిగానా ఆటో రంగు? కుండ మోగుతోందా లేదా అని వింటున్నాను.

దీపం వేళకు పీట మీద కూర్చున్నాను. వాడి చెయ్యి నా పాపిట మీద పడింది. చల్లగా, తడిగా ఉంది. వానలో తడిశాడు కదా అనుకున్నాను.

"ఇయ్యాల అబద్ధం ఆడలే. ట్యూషన్‌కు తప్ప ఎక్కడికీ పోలే" అన్నాడు. ఎప్పటికన్నా మెల్లగా అన్నాడు, అంతే.

శుక్రవారం సాయంత్రం గడప దగ్గరే ఆగిపోయాడు. ఇవాళ్టి నుంచి నా నెత్తి మీదే నేను చెయ్యి పెట్టుకుంట అమ్మా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవడి నెత్తి మీద వాడు ఒట్టు పెట్టుకోవడం, ఎవడి టికెట్టు వాడే చెక్ చేసుకోవడం ఒకటేనన్నాను. పోనీ నానమ్మ మీద పెట్టనా అన్నాడు.

"నన్ను సంపుతవారా? ఇంకో రెండేండ్లు ఉందామనుకుంటున్న" అని మా అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు.

దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. చెయ్యి నా జుట్టుకు తగల్లేదు. తల పైన ఎక్కడో గాలిలో ఉంది, వేడి మాత్రం తెలుస్తోంది. మాటలన్నీ సరిగ్గానే అప్పజెప్పాడు. పిల్లాడు అలిగాడు, ఒట్టు వేసీ వేయనట్టు వేస్తున్నాడు అనుకుని ఊరుకున్నాను. శనివారమూ అంతే. జనం అబద్ధాలు పట్టడంలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. నా నెత్తి మీద జానెడు ఎత్తున ఆగిపోయిన చెయ్యి ఏం చెబుతోందో నాకు తెలియలేదు.

ఆదివారం బోనాలు. పొద్దున లేచినప్పటి నుంచి ఒళ్ళు బరువుగా ఉంది, కళ్ళ వెనక నొప్పి. ఉపవాసం వల్ల అనుకున్నాను. కుండకు పసుపూ సున్నమూ రాసి, వేపమండలు కట్టి, అన్నం పెట్టి, పైన దీపం వెలిగించి నెత్తికెత్తుకున్నాను. లైను చాలా పొడుగుంది. ముందు పోతరాజు కొరడా, డప్పులు, వెనక నుంచి తోపులు. అభిరామ్ నా పక్కనే గాలి తగలకుండా దీపానికి చెయ్యి అడ్డం పెట్టి నడుస్తున్నాడు. ఇంకో ఇరవై మంది తర్వాత అమ్మవారి ద్వారం అనగా నాకు భూమి ఊగినట్టయింది. కుండ పడలేదు, వేణు పట్టుకున్నాడు. దీపం మాత్రం ఆరిపోయింది.

పక్క లైనులో ఎవరో ముసలామె అయ్యో తల్లీ అంది. ఇంకెవరో తమ దీపంతో గబుక్కున వెలిగించి పెట్టారు. అభిరామ్ మాత్రం అడ్డం పెట్టిన చెయ్యి అలాగే గాలిలో ఉంచి నిలబడిపోయాడు. ఇంటికొచ్చాక మా అత్తమ్మ దిష్టి తీసింది, తీసి, పొద్దుగూకే యాళ అన్న మాట ఊకె పోతదా అని తనలో తను అనుకుంది. అభిరామ్ అక్కడే ఉన్నాడు.

రాత్రికి జ్వరం నూట మూడు. బుధవారం నాటికి డెంగీ అని తేలింది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. మంచంలో పడి మూలుగుతూ కూడా మూడు సాయంత్రాలు వాణ్ణి పిలిచి ఒట్టు వేయించుకున్నాను. మొండిదాన్ని. వాడు మంచం పక్కన నిలబడి చెయ్యి నా తల పైన గాలిలో పెట్టి, గోడ వైపు చూస్తూ అప్పజెప్పేవాడు. ఆఖరి రోజు మధ్యలో మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుస్తున్నావేందిరా, నాకేం కాదులే అన్నాను.

గురువారం రైల్వే ఆసుపత్రిలో చేర్చారు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు, బయటివాళ్ళను లోపలికి వదిలే వేళకు, అభిరామ్ ఒక్కడే వచ్చాడు, నానమ్మ ఇచ్చిన జావ ఫ్లాస్కుతో. మంచం పక్కకు రాలేదు, కాళ్ళ దగ్గర ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వారంలో మనిషి సగమయ్యాడు. కుర్చీలో కూర్చోమన్నాను, కూర్చోలేదు. పొద్దున ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని అడిగాడు. ఇంకా తగ్గాయన్నాను.

"అమ్మా, ఒకటి చెప్త."

"చెప్పు."

"నీకు డెంగీ నా వల్లనే వచ్చింది."

రైలు పెట్టెలో అన్న మాట గురించి అనుకున్నాను. దానికేంలే, వానాకాలం, దోమలు అనబోతుంటే వాడు ప్యాంటు అంచు పైకి లాగాడు. పసుపు ఎండిపోయిన గాయం, అంచులు నల్లబడి ఉంది.

"ఇది పెడల్ కాదు. కుక్క."

నేను లేచి కూర్చున్నాను. చేతికి ఉన్న సెలైన్ గొట్టం లాగింది.

"ఎక్కడ?"

"జెరెమియావాళ్ళ క్వార్టర్ల కాడ. వాని చెక్క వానికి ఇచ్చొద్దామని పోయిన. ఒక్క నిమిషం కోసమే పోయినమ్మా. కుక్క కరిచిందంటే ఎక్కడ కరిచిందని అడుగుతవు గదా. అందుకని పెడల్ అన్న. అని నీ నెత్తి మీద చెయ్యి పెట్టిన. ఆ ఒక్కనాడే ఆనింది. తెల్లారి నుంచి ఆననియ్యలే. అయినా నీకు జ్వరమొచ్చింది."

"ఆ కుక్క ఏది ఇప్పుడు?"

వాడు కడ్డీని గోటితో గీకాడు. "సచ్చిపోయింది. మంగళారం. నోట్లకెళ్ళి నురుగొచ్చిందంట. జెరెమియా చెప్పిండు."

కుక్క కరిచిన ఆ గురువారం నుంచి ఈ శుక్రవారం దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను, ఎనిమిదే వచ్చింది.

"మంగళారం తెలిస్తే ఇయ్యాల దాకా ఎందుకు చెప్పలేదురా?"

"ఒట్టు తప్పితే ఎవలో ఒకలు పోవాలంట గదా. నేను పోతే నువ్వు బతుకుతవనుకున్న. ఊకున్న." వాడి గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను చంపింది. "కానీ ఇయ్యాల సుత నీకు తగ్గలే."

ఆ తర్వాత నేను ఎలా అరిచానో నాకు గుర్తులేదు. నర్సు కాంతమణి పరుగెత్తుకొచ్చింది. సంగతి విని వాణ్ణి రెక్క పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి తీసుకుపోయి, కాలు ఎత్తిపెట్టించి, సబ్బుతో కడగడం మొదలుపెట్టింది. ఇప్పుడు కడిగి ఏం లాభమని ఎవరో అంటే, చేసేది చెయ్యనియ్యండి అంది. పావుగంట కడిగింది. నేను మంచం మీద నుంచే చూస్తూ వేణుకు ఫోన్ చేశాను. వాడు కుళాయి నీళ్ళ వైపు చూస్తున్నాడు. నేను వాడి మొహం వైపు చూస్తున్నాను. నీళ్ళను చూసి బెదురుతున్నాడా అని చూస్తున్నానని అప్పుడు నాకే తెలియలేదు.

వేణు స్కూటర్ మీద కుక్కకాటు సూదులిచ్చే పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. గాయం చుట్టూ ఇచ్చేవి, చేతికి ఇచ్చేది ఒకటి, ఇంకా మూడోరోజు, ఏడోరోజు, పద్నాలుగోరోజు, ఇరవై ఎనిమిదోరోజు. ఆలస్యమైంది, అయినా ఇప్పటికీ మించిపోలేదు, సూదులన్నీ తప్పకుండా వేయిస్తే దాదాపు ఏం కాదన్నాడట డాక్టరు. దాదాపు అంటే ఎంత అని వేణు అడిగాడట. ఏడాది గడవనివ్వండి, ఈలోగా గాయం దగ్గర తిమ్మిరి గానీ, నీళ్ళు తాగడానికి ఇబ్బంది గానీ కనిపిస్తే వెంటనే రండి అన్నాడట.

నాకు తగ్గింది. ఆరో రోజుకు ఇంటికొచ్చాను. జ్వరం తగ్గడం ఎప్పుడు మొదలైందో చూస్తే సరిగ్గా వాడు నిజం చెప్పిన మర్నాడే. మా అత్తమ్మకు ఇంకేం సాక్ష్యం కావాలి? చూసినవా కొడుకా, నిజం చెప్పినవు, అమ్మ బతికింది అని పూజ గదిలోంచే చెప్పింది. వాడు గట్టిగా తలూపాడు. వేణు కూడా ఆ రాత్రి నాతో అదే మాటన్నాడు.

"ఉండనియ్ అనూ. ఆ భయం ఉంటే జిందగీల మళ్ళ అబద్ధమాడడు."

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశగానే ఉంది. ఇంత గట్టి పాఠం ఏ తల్లికి దొరుకుతుంది? ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, నా కొడుకు జీవితాంతం సత్యహరిశ్చంద్రుడే. కానీ ఊరుకుందామనుకున్న ప్రతిసారీ కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చేవాడు. మూడు రోజులు చావును జేబులో పెట్టుకుని స్కూలుకు పోయి వచ్చాడు, ఆ భయంతోనే. కుక్కకన్నా ముందు నేను కరిచాను వాణ్ణి.

మర్నాడు సాయంత్రం దీపం వేళకు వాడు తనే వచ్చి పీట వేశాడు. నేను పీట మీద కూర్చోలేదు, నేల మీద వాడి ఎదురుగా కూర్చున్నాను. నాకు డెంగీ దోమ కుడితే వచ్చింది, నీ ఒట్టు వల్ల రాలేదు, నువ్వు చెప్పడం వల్ల తగ్గనూ లేదు అన్నాను. మా అత్తమ్మ వత్తి సరిచేస్తూ నావైపు కోపంగా చూసింది. వాడు పీట పక్కకు జరిపాడు.

"అయితే నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఏం కాదా?"

"ఏం కాదు."

"మరి నువ్వు గట్ల ఎందుకు చెప్పినవ్?"

"నిన్ను భయపెట్టడానికి. తప్పు చేసిన."

వాడు ఇంకో మాట అడుగుతాడని నాకు తెలుసు. ఆ మాట కోసం నెల రోజులుగా భయపడుతున్నాను.

"రైల్ల సుత," అన్నాడు వాడు, "తల్లి లేని పిల్లగాడు అన్నవు. ఆ సార్‌తోని."

మా అత్తమ్మ చెయ్యి వత్తి మీదే ఆగింది. షాపు నుంచి అప్పుడే పైకొచ్చిన వేణు గుమ్మంలో నిలబడ్డాడు. అన్నాను అని చెప్పాను, సిగ్గుపడి అన్నానని చెప్పాను, వాళ్ళందరికీ వినబడేటట్టు.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు అభిరామ్‌ని వెంటబెట్టుకుని స్టేషన్‌కు తీసుకుపోయాను. టీసీల గదిలో ఇంకో నలుగురున్నారు, అందరి ముందే ప్రభుదాస్ గారికి చెప్పాను, ఆ రోజు బండిలో దొరికింది నా కొడుకే, దుర్గేష్ కాదు అభిరామ్, నేనూ అబద్ధమే ఆడాను అని. పరువు పోతే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. చెవులు కాలిపోయాయి, అంతే. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి మావాడి వైపు చూశారు.

"నాకు ఆ రోజే అనుమానం మేడమ్. కోపమొస్తే ముక్కుపుటాలు ఎగరేసేది మన ఆఫీసుల మీరొక్కరే. ఆ రోజు మీవీ ఎగిరినయ్, పిల్లగానివీ ఎగిరినయ్." తర్వాత నవ్వు ఆపి, పిల్లాడికి ఇప్పుడెలా ఉందని అడిగారు. సూదులు నడుస్తున్నాయన్నాను. ఆయన సొంత అన్న కొడుకు సంగతి ఏదో చెప్పబోయి, మావాణ్ణి చూసి ఆగిపోయారు. ఆగకుండా ఉంటే బాగుండేదని నాకు ఆ రాత్రంతా అనిపించింది.

శ్రావణం వచ్చింది. ఇంట్లో అందరం వాడికి కనిపించకుండా వాణ్ణి చూడటం నేర్చుకున్నాం. కాలు గోక్కుంటే చూశాం. ఫ్యాన్ గాలికి దుప్పటి కప్పుకుంటే చూశాం. వాడు మంచినీళ్ళ బాటిల్ ఎత్తినప్పుడు మా అత్తమ్మ జపమాల ఆపేది. ఒకరోజు సాంబారు ఘాటుకు పొలమారి దగ్గితే వేణు కంచం వదిలి లేచి నిలబడ్డాడు. లేచినవాడు ఎందుకు లేచాడో చెప్పలేక చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనలేదు. ఒట్లు మానేశాం, నిజాలు మాట్లాడుకుంటున్నాం అని చెప్పుకునే ఇంట్లో అంత పెద్ద అబద్ధం రోజూ మూడు పూటలా నడిచింది.

ఇరవై ఎనిమిదోరోజు ఆఖరి సూది. నేనే తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు వాన పట్టుకుంటే ఇద్దరం ఒక షాపు రేకు కింద నిలబడ్డాం. చుట్టూ మనుషులు, బండ్లు, వీధంతా నీళ్ళు. వాడు పక్కకు జరిగి నా ఎదురుగా వచ్చాడు. ఇప్పటికే నాకన్నా నాలుగు వేళ్ళు పొడుగు. తల వంచాడు.

"అమ్మా. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. నాకేం కాదని."

నా చెయ్యి వాడి నెత్తి మీదికి వెళ్ళింది. గాలిలో ఆపలేదు, తడి జుట్టు మీద పూర్తిగా ఆన్చాను. లోపల వాడి తల వెచ్చగా ఉంది. ఏం కాదు బిడ్డా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఏ తల్లయినా అంటుంది, అనాలి కూడా. పద్దెనిమిదేళ్ళలో నేను విన్న అబద్ధాలన్నీ కలిపినా దాని ముందు పుణ్యం కిందే లెక్క.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను. "సూదులన్నీ అయినయ్. శానా మందికి ఏం కాదన్నడు డాక్టర్. నీకు సుత కావద్దని మొక్కుతున్న. కానీ నాకు తెల్వదు."

వాడు తల వంచుకునే ఉన్నాడు. నా చెయ్యి తీయనివ్వలేదు. వాన తగ్గేదాకా అలాగే నిలబడ్డాం, పక్కనున్నవాళ్ళు ఏమనుకున్నారో.

మర్నాడు సాయంత్రం అత్తమ్మ దీపం పెట్టింది. వాడు వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుని వచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు. ఎవరూ తాగమనలేదు, చూపించమనలేదు. నా కళ్ళలోకి చూస్తూ ఒక్కో గుక్కా మింగాడు. గొంతు కదలడం నాకు కనిపించింది. చివరి చుక్క దాకా తాగి, గ్లాసు నా ముందు బోర్లించి, చదువుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మళ్ళీ ఎండలొచ్చాయి. డాక్టరు చెప్పిన ఏడాదిలో నెలలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. రోజూ దీపం వేళకు వాడు నీళ్ళ గ్లాసుతో వస్తాడు, నేను వచ్చి కూర్చుంటాను.